మొదటి మాత్ర ఎప్పుడు వేశారు?

నోయిడా, సెక్టార్ 62
నవంబర్ 9

ప్రేమక్కా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఫోన్‌లో నా మాట నీకు సగమే వినబడుతోందని, చెవి మిషను ఈల వేస్తోందని రాశావు. సరే, ఇకనుంచి ఇలాగే రాసుకుందాం. కీబోర్డు మీద కొట్టీ కొట్టీ చేతిరాత మరిచిపోయాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకోకు.

ఇక్కడ పొగ మొదలైంది. పొద్దున కిటికీ తీస్తే ఎదుటి టవరు కనబడదు. మెట్రో దిగి ఆఫీసుకు నడిచే పది నిమిషాలకే గొంతు మండుతుంది. దీనికి తోడు ఉద్యోగాల భర్తీ నా నెత్తిన పడింది. ఆసుపత్రుల్లో మందుల చార్టు ఇప్పుడు కంప్యూటర్లో నింపుతున్నారు కదా, అది మా కంపెనీ తయారుచేసేదే. ఆసుపత్రులకు వెళ్ళేముందు దానిలో తప్పులు పట్టే బృందం నాది. ఇద్దరు మానేశారు, ఒక్కరినే తీసుకోమన్నారు. ఆ ఒక్క ఉద్యోగానికి అరవై మూడు మంది పరీక్ష రాశారు.

పరీక్ష అంటే ఇరవై ప్రశ్నలు, నలభై నిమిషాలు. మనిషికి విడమరిచి ఆలోచించే శక్తి ఉందో లేదో చూడటానికి ఆరేళ్ళ క్రితం నేనే తయారుచేశాను. పద్నాలుగు వస్తే పాస్. ఈసారి దిద్దుతుంటే విసుగొచ్చింది. లక్ష్మీ నగర్ కోచింగుల్లో మా పేపరు ఎలా దొరికిందో తెలియదు కానీ, అందరి జవాబులూ ఒకే అచ్చులోంచి వచ్చినట్టున్నాయి.

ఒకావిడ మాత్రం వేరు. పేరు రేవతి, ముప్ఫై నాలుగేళ్ళు. భర్త ఆర్మీలో హవల్దారు, కంటోన్మెంటులో క్వార్టరు. ఆవిడకు పదకొండే వచ్చాయి. ఐదు ప్రశ్నలకు జవాబు పెట్టకుండా పక్కన ఏదో రాసింది. ఒక ప్రశ్న ఇది: ఎనిమిది గంటలకు ఒక మాత్ర చొప్పున వేయాలి, తొమ్మిది మాత్రలున్నాయి, చివరి మాత్ర ఎన్నో గంటకు పడుతుంది? నా జవాబు డెబ్భై రెండు. ఆవిడ రాసింది: "మొదటి మాత్ర ఎప్పుడు వేశారో చెప్పలేదు. ఇప్పుడే వేస్తే 64. ఎనిమిది గంటలు ఆగి వేస్తే 72."

మా మేనేజరు సునీల్‌కు చూపించాను. "ప్రశ్న అడిగితే ప్రశ్న వేసే మనిషి. టీమ్‌లో తలనొప్పి. వదిలేయండి" అన్నాడు. వదిలేయాలనే అనుకున్నాను. నాకూ ఓపిక లేదు. కానీ ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను, ఎందుకో.

నీ కొడుకు ఫెలిక్స్ ఎలా ఉన్నాడు? నా మెసేజ్‌లకు జవాబివ్వడు. పక్కనే ఢిల్లీలో ఉంటాడు, మూడేళ్ళుగా చూడలేదు.

నీ
అబిగెయిల్


ఏలూరు
నవంబర్ 26

అబ్బీ,

నీ అక్షరాలు వంకరే. అయినా చదవగలిగాను.

నర్సింగ్ స్కూల్లో ఇప్పుడు నాకు క్లాసులు తగ్గించారు. పిల్లలు అడిగేది వినబడక ఇంకేదో చెబుతున్నానట. పేపర్లు దిద్దడం, ప్రాక్టికల్స్ చూడటం నా పని. మొన్న రెండో సంవత్సరం పిల్ల, సహస్ర అని, నలుగురు రోగుల నాడి చూసి చార్టులో రాసింది. నలుగురికీ డెబ్భై రెండు. నేను మూడో మంచం దగ్గరికి వెళ్ళి ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుంటే నూట పది కొట్టుకుంటోంది. "ఏమ్మా, చూశావా?" అంటే "చూశాను మేడమ్" అంటుంది. పుస్తకంలో ఉన్న అంకె రాస్తే మార్కులొస్తాయని ఆ పిల్లకు ఎవరో నేర్పారు. నాలాంటివాళ్ళమే నేర్పి ఉంటాం.

ఆ రేవతిని పిలువు. కాగితం పక్కన పెట్టి, నువ్వు రోజూ చేసే పని ఒకటి ఆవిడ చేతికివ్వు. పక్కన కూర్చుని చూడు, మాట్లాడకు. నేను ముప్ఫై ఏళ్ళలో నర్సులను ఎంచింది అలాగే.

ఆ మాత్రల ప్రశ్న పాత పేపరులోదేనా? ఆరేళ్ళుగా అదే పేపరు వాడుతున్నావా?

ఫెలిక్స్ బాగానే ఉన్నాడు. కరోల్ బాగ్‌లో అదే రక్తపరీక్షల ల్యాబు, లక్ష్మీ నగర్‌లో అదే గది. పని ఎక్కువ. నువ్వేమీ అనుకోకు.

గొంతుకు వేడినీళ్ళు పుక్కిలించు. నేను చెప్పకపోతే చెయ్యవు.

ప్రేమక్క


నోయిడా
డిసెంబర్ 14

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

రేవతి వచ్చింది. పొట్టి మనిషి, ఇస్త్రీ చేసిన కాటన్ చీర, భుజాన పెద్ద సంచి. మొదట ఇంగ్లీషులో తడబడింది, తర్వాత హిందీలోకి వచ్చింది. నేను తెలుగుదాన్నని తెలిశాక ఊపిరి పీల్చుకుంది. సొంతూరు బొబ్బిలి దగ్గరట.

"ప్రశ్నలు తప్పని ఎందుకు రాశావు?" అని అడిగాను.

"తప్పని నాను అనలేదండి. ఎలా చూడాలో చెప్పలేదన్నానంతే. ఊహించి రాసేస్తే మార్కొస్తదేమో గానీ, అది నాకు తెలిసినట్టు కాదు కదండీ."

"ఇదివరకు ఏం చేసేదానివి?"

"ఇక్కడే నోయిడాలో, బట్టల ఫ్యాక్టరీలో చెకర్ని. ఆరేళ్ళు చేశాను. కుట్లు చూడమనేవారు మేడమ్. నాను ముందు ఆ చొక్కా తొడుక్కునే మనిషిని తలుచుకునేదాన్ని. చెయ్యి పైకెత్తితే ఎక్కడ పిగులుతాదో అక్కడ చూసేదాన్ని."

రాత్రిళ్ళు ఆన్‌లైన్ కోర్సు చేసి ఈ పని నేర్చుకుందట. మా మందుల చార్టు పాత కాపీ ఒకటి కంప్యూటర్లో తెరిచి ఇచ్చాను. దానిలో మాకు తెలిసిన తప్పులు ఏడున్నాయి. గంట సమయం. నీ మాట ప్రకారం నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ వేళ్ళు నెమ్మది. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ పట్టలేదు, ఊరికే చదువుతోంది. నాకు నిద్ర వచ్చింది, నిజంగా. తర్వాత ఒక్కొక్కటీ రాయడం మొదలుపెట్టి ఐదు పట్టింది. చివర్లో, "మేడమ్, ఇటు చూడండి" అంది.

ఒక పిల్లవాడి పేరు తెరిచి బరువు పన్నెండు కిలోలని నింపింది. సేవ్ చేయకుండా వెనక్కి వెళ్ళి ఇంకో పేషెంటు పేరు తెరిచింది. అక్కడ ఆ పన్నెండు కిలోలే ఉంది, అక్కా. దాన్ని పట్టి మందు మోతాదు కూడా లెక్క కట్టేసింది.

"వార్డులో నర్సమ్మను మధ్యలో ఎవరో పిలుస్తారు కదండీ. సగంలో వదిలేసి పోతాది. వచ్చి ఇంకొకరిది తెరుస్తాది" అంది.

అది మాకు తెలిసిన ఏడింటిలో లేదు. ఆవిడ వెళ్ళాక కొత్త కాపీలో చూశాను. అందులోనూ ఉంది. ఇప్పుడు పద్నాలుగు ఆసుపత్రుల్లో నడుస్తున్నది అదే. నాలుగు రోజులు ఇంటికి సరిగ్గా పోకుండా సరిచేయించాం. ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేసి వెనకటి చార్టులు తిరగేయించాం. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంత జరిగినా సునీల్, "కానీ రాతపరీక్ష ఫెయిల్ కదా, ఫైల్లో ఏం రాస్తాం?" అంటున్నాడు. అందుకని పేపరు ముందేసుకుని నా ప్రశ్నలు నేనే పరీక్షించాను, ఆరేళ్ళలో మొదటిసారి. మందులన్నీ చేదు, కొన్ని చేదు వస్తువులు ఆకుపచ్చ, కాబట్టి కొన్ని మందులు ఆకుపచ్చ, అవునా కాదా అని ఒకటుంది. అవును అని నా జవాబు. రేవతి రాసింది: "ఆ ఆకుపచ్చవి కాకరకాయలు కావచ్చు." ఆవిడదే సరైనది. ఇరవైలో ఐదు ప్రశ్నలు అలాంటివే. ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని, నా పేపరు నేను చూసుకోలేదు.

పాత జవాబు పత్రాలన్నీ బీరువాలో ఉన్నాయి. రెండు వందల పన్నెండు. అవి మళ్ళీ దిద్దుతున్నాను. దాని గురించి నీకొకటి చెప్పాలి. ఇప్పుడు కాదు, చెయ్యి నొప్పిగా ఉంది.

అబ్బీ


ఏలూరు
డిసెంబర్ 29

అబ్బీ,

చెయ్యి నొప్పి అని నాకు రాయకు. నువ్వు ఇరవై రెండేళ్ళ పిల్లవై ఢిల్లీ వచ్చి నాలుగేళ్ళు మా హాస్పిటల్ క్వార్టర్లో నా పక్కన పడుకున్నదానివి. నీకు ఎప్పుడు ఎక్కడ నొప్పో నాకు తెలుసు.

ఫెలిక్స్ పేపరు దొరికింది కదా.

వాడికి పన్నెండు వచ్చాయని, నువ్వే పిలిచి చెప్పావు నాలుగేళ్ళ క్రితం. మీ ఆఫీసు క్యాంటీన్లో టీ ఇప్పించి, "ఈ పని నీకు సరిపడదు నాన్నా, నీ బుర్ర ఇటు నడవదు, ఇంకేదైనా చూసుకో" అన్నావట. వాడు ఇంటికి వచ్చి చెప్పాడు. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కావు, మొహమాటానికి ఉద్యోగం ఇచ్చే మనిషివి కావు. అందుకని నీ మాట వాడికి తీర్పులాగా పడింది. ఆ తర్వాత వాడు ఒక్క చోటా పరీక్ష రాయలేదు. ల్యాబు వాళ్ళు రక్తం సీసాలు బండి మీద మోయమంటే వెళ్ళాడు. ఇవన్నీ నీకు రాయలేదు, రాసి ఏం లాభమని.

ఇంకొకటి ఉంది. అది నువ్వు ఊహించలేవు.

ఆ సాయంత్రం వాడు క్యాలెండరు వెనక ఆ ప్రశ్నలన్నీ గుర్తుచేసుకుని రాశాడు. వంటింట్లోకి వచ్చి, "మమ్మీ, నువ్వు నర్సువి కదా, ఎనిమిది గంటలకోటి, తొమ్మిది మాత్రలు. లాస్ట్ గోలీ ఎప్పుడు?" అని అడిగాడు. డాక్టరు రాయగానే మొదటి మాత్ర వేస్తాం. చివరిది అరవై నాలుగో గంటకు. నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. వాడు రాసిందీ అదే.

నేనేమన్నానో తెలుసా? "పిన్ని తయారుచేసిన పేపరు తప్పుంటుందా? నువ్వే సరిగ్గా చదివి ఉండవు" అన్నాను.

అప్పటికి మీ బావగారు పోయి ఏడాది కాలేదు. క్వార్టరు ఖాళీ చేయాలి, ఈ ఏలూరు ఉద్యోగానికి రావాలి, సామాను మూటలు కడుతున్నాను. వాడి మాట నిజమంటే నీతో మాట్లాడాలి, నువ్వు నొచ్చుకుంటావు, చుట్టాలు సిఫార్సు అంటారు. అంత ఓపిక లేకపోయింది. వాడు నా మొహం వంక ఒకసారి చూసి, క్యాలెండరు మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

నీ తప్పు నీకు తెలియక జరిగింది. నాది తెలిసి.

ఇప్పుడు ఏం చేస్తావో చెప్పు.

ప్రేమక్క


నోయిడా
జనవరి 18

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నీ మీద కోపం వచ్చింది. అంతలోనే నాకేం హక్కు ఉందని అనిపించింది.

ఫెలిక్స్‌కు నిజంగా వచ్చినవి పదిహేను. పాస్. వాడిలాంటివాళ్ళు ఇంకా పదహారు మంది ఉన్నారు.

శనివారం లక్ష్మీ నగర్ వెళ్ళాను. మెట్రో కింద ఆ జనం, గోడల నిండా కోచింగుల పోస్టర్లు. వాడి గది నాలుగో అంతస్తు. నన్ను చూసి, "అరే, పిన్నీ!" అని లేచి మంచం మీద బట్టలు తీశాడు. సన్నబడ్డాడు. ఇప్పుడు బండి మీద తిరగడం లేదట, వచ్చిన సీసాల మీది పేర్లు, కాగితాల మీది పేర్లు ఒకటేనా అని సరిచూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారట. నీకు చెప్పాడా?

పేపరు తీసి వాడి చేతిలో పెట్టాను. "నీవి పదిహేను నాన్నా. నేను తప్పు దిద్దాను. నీ బుర్ర గురించి నేనన్నదీ తప్పే" అన్నాను.

పేజీలు తిప్పి చూశాడు. "అచ్ఛా" అన్నాడు. అంతే. కిందికి వెళ్ళి టీ తెచ్చాడు. తాగుతూ, "పిన్నీ, నాకు మార్క్స్ సంగతి కాదు. ఆ రోజు నువ్వు చెప్పేటప్పుడు ఫోన్ చూస్తున్నావు. ఏక్ బార్ భీ, ఒక్కసారైనా నాకు పేపర్ చూపించలేదు" అన్నాడు. నాకు గుర్తే లేదు. ఆ రోజు ఇంకో మీటింగు ఉండి ఉంటుంది.

మళ్ళీ పరీక్ష రాయమని, ఎక్కడైనా సరే నేను చదివిస్తానని అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వెళ్ళబోతుంటే మెట్ల దగ్గర అడిగాడు: "బాకీ లోగ్? మిగతావాళ్ళకి చెప్పావా?"

చెప్పలేదు, అక్కా. సునీల్ వద్దన్నాడు. కంపెనీకి చెడ్డపేరు, ఎవరైనా కోర్టుకెళ్తే ఎవరు చూస్తారు అన్నాడు. నేనూ సరేనని ఊరుకున్నాను. వాడు అడిగాక ఊరుకోలేకపోయాను. సోమవారం పైవాళ్ళకు ఒక రిపోర్టు పంపాను. పేపరు నాది, తప్పు నాది, పట్టింది రేవతి, ఆ పదహారు మందికీ ఉత్తరాలు రాయడానికి అనుమతి ఇవ్వండి అని. వారం నుంచి ఎవరూ ఏమీ అనలేదు. సునీల్ లిఫ్టులో కనిపిస్తే పక్కకు చూస్తున్నాడు.

నీ విషయం ఫెలిక్స్‌కు నేను చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

అబ్బీ


ఏలూరు
ఫిబ్రవరి 15

అబ్బీ,

చెప్పాను.

మూడు రోజుల సెలవు పెట్టుకుని వచ్చాడు. నువ్వు కలిసిన సంగతి వాడే చెప్పాడు. "పిన్ని తానే వచ్చి చెప్పింది మమ్మీ, అంత దూరం" అన్నాడు. వాడి ముఖంలో వెలుగు చూసి చాలా కాలమైంది. ఊరుకుందామా అనిపించింది నాకు. ఇంకెవరికి తెలుసు గనక? కానీ నీకు రాసేశాను కదా, ఇక దాచడానికి చోటు లేదు.

భోజనం దగ్గర చెప్పాను. అరవై నాలుగని నాకు ఆ సాయంత్రమే తెలుసురా అని.

అన్నంలో చెయ్యి అలాగే ఉంచి, "తెలుసా?" అన్నాడు. మళ్ళీ "నీకు తెలుసా?" అన్నాడు. వాడి పెదాలు కదలడం చూసి అర్థం చేసుకున్నాను. "ఎందుకు చెప్పలేదు?" అంటే, "అలసిపోయి ఉన్నానురా" అన్నాను. నా చెవికే అది ఎంత పేలవంగా ఉందో. కానీ అంతకు మించి నిజం నా దగ్గర లేదు.

చెయ్యి కడుక్కుని లేచాడు. మూడు రోజుల కోసం వచ్చినవాడు మర్నాడు పొద్దున బండికే వెళ్ళిపోయాడు. దారికి కట్టిన అన్నం డబ్బా బల్ల మీదే ఉంది. చేరానని మెసేజ్ పెట్టాడు, ఆ ఒక్క మాటే.

నువ్వు చెబితే టీ తెచ్చి ఇచ్చాడు. నేను చెబితే లేచి వెళ్ళిపోయాడు. న్యాయమే అనుకుంటాను. ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావడం లేదు. ఊరికే కూర్చుని లేస్తున్నాను.

నీ ఆఫీసులో ఏమైంది?

ప్రేమక్క


నోయిడా
మార్చి 22

అక్కా,

ముందు ఆఫీసు సంగతి. ఆ పేపరు తీసేశారు. ఇకమీదట ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచే పని నాకు లేదు, సునీలే చూస్తాడు. నాకు పెద్దగా బాధ లేదు, నడుం వాల్చినట్టుంది. రేవతిని ఆరు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నా పక్క సీటే. రోజుకు పాతిక ప్రశ్నలు వేసి ప్రాణం తోడేస్తోంది. నిన్న ఇంకో తప్పు పట్టింది.

ఉత్తరాలకు అనుమతి వచ్చింది, కంపెనీ పేరు మీద కాకుండా నా పేరు మీద రాసుకోమన్నారు. పదహారు రాశాను. నాలుగు తిరిగొచ్చాయి. జవాబు ఇప్పటికి రెండే. వైశాలి అనే అమ్మాయి, ఇప్పుడు బ్యాంకులో చేస్తోందట, "ఫెయిలయ్యానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు, ఈ ఉత్తరం చూపించి ఇవాళ చెబుతాను" అని రాసింది. రెండో అతను తిట్టాడు. రెండూ దాచుకున్నాను.

ఇక ఫెలిక్స్. నెల రోజులు ఫోన్ ఎత్తలేదు. ఈ ఆదివారం చర్చి అయ్యాక ఇంటికొచ్చి చూస్తే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి కూర్చోకుండానే మొదలుపెట్టాడు. ఇంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. పక్క ఫ్లాటు ఆంటీ తలుపు తీసి చూసింది. "చార్ సాల్, పిన్నీ! నాలుగేళ్ళు నాకు దిమాగ్ లేదని నేనే అనుకున్నా. నీకు తెలియదు, ఠీక్ హై. మమ్మీకి తెలుసు! తెలిసి నన్ను అలా చూసింది!" అన్నాడు. నేను నిన్ను వెనకేసుకు రాలేదు. అరవనిచ్చాను. అరిచి అరిచి సోఫాలో కూలబడి ఏడ్చాడు, ఆరేళ్ళ పిల్లాడిలా. పొద్దున వండిన చేపల పులుసు చల్లారిపోయింది. వేడి చేసి పెడితే రెండుసార్లు కలుపుకుని తిన్నాడు.

తిన్నాక చెప్పాడు. వాళ్ళ ల్యాబులో తప్పులు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో రాసి పెద్ద డాక్టరుకు ఇచ్చాడట. ఆయన ఆ సరిచూసే పని మూడు శాఖలకూ వీడినే చూడమన్నాడట. వచ్చే నెల నుంచి. సాఫ్ట్‌వేర్ వైపు రానన్నాడు. నేనూ అడగలేదు.

నీకు ఉత్తరం రాయాలన్నాడు. తెలుగు రాయడం రాదు కదా, "నేను చెప్తా, నువ్వు రాయి" అన్నాడు. కింద ఉన్నది వాడి మాటే, నేను చెయ్యి మాత్రమే.

"మమ్మీ, నేను పిన్ని ఇంట్లో ఉన్నాను. నువ్వు చెప్పకుండా ఉండుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. చెప్పావు, అందుకే ఇంత గుస్సా వచ్చింది. నా కోపం తగ్గుతోంది. ఏప్రిల్‌లో నాలుగు రోజులు వస్తాను. అప్పుడు మళ్ళీ సారీ చెప్పకు, నాకు అన్‌కంఫర్టబుల్‌గా ఉంటుంది. పీతల కూర చెయ్యి. నీ ఫెలిక్స్."

రాశాక చదివి వినిపించమన్నాడు. నేను "కోపం తగ్గింది" అని రాసేశాను. మధ్యలో ఆపాడు. "నహీ, పిన్నీ. నేను అలా చెప్పలేదు. తగ్గుతోంది అన్నాను" అన్నాడు.

కొట్టేసి దిద్దాను. నువ్వు చదువుతున్నది దిద్దినది.

అబ్బీ